దగ్గే బొమ్మకు సెపరేటు రూము

నేతగాళ్ల జబ్బును ఇకమీదట ప్రభుత్వం కళగా గుర్తిస్తుందని మంత్రిగారు హిందూపురం మీటింగులో ప్రకటించినారు. అంత పెద్ద మనసు నేనెప్పుడూ చూడలేదు.

ఆ కళ మా ఇంట్లోదే. మాది ధర్మవరం. మగ్గం గుంతలో కూచోని కూచోని మా ఆయన తిరుపాలుకు నడుము వంగిపోయింది, దగ్గు పట్టుకుంది. బొమ్మల చదువు చదివిన మా కూతురు ప్రమీల వాళ్ల నాయన ఒంటిని ప్లాస్టరుతో అచ్చు పోసి, బొమ్మ కడుపులో టేపురికార్డరు పెట్టి, ఆయన దగ్గునే దాంట్లో వినిపించింది. దాన్ని మీటింగులో పెడితే మంత్రి చూస్తాడని, నాయనకు ఆస్పత్రిలో బెడ్డు దొరుకుతుందని దాని ఆశ. నేను చదివింది ఐదో తరగతి. సర్కారును ఎత్తిపొడిచినందుకు పోలీసులు పట్టుకపోతారనే అనుకున్నా. జైల్లో పనికొస్తాయని దుప్పటీ, చింతకాయ తొక్కూ మూట కట్టుకోనే మీటింగుకు పోయినా.

మంత్రిగారు బొమ్మకు పూలదండ వేసినారు. విగ్రహమంటే మా పక్క పోయినోళ్లదే కదా, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరూ లేచినారు. పెద్దాయన చెప్పినాక కూచోనుంటే బాగుండదని మా ఆయనా లేచినాడు. ఆ మౌనంలో బొమ్మ దగ్గింది. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు.

ప్రమీల ముందుకు పోయి, "సార్, ఆ మనిషి బతికే ఉండాడు. ఈడే ఉండాడు" అని వాళ్ల నాయన్ను చూపించింది. నేను జైలు మూట చంకలో పెట్టుకున్నా.

మంత్రిగారు మా ఆయన్ను చూసి, బొమ్మను చూసి, "బొమ్మే బాగా వచ్చిందమ్మా" అన్నారు. అయినా దయగల మనిషి. వెంటనే ఆస్పత్రిలో చేర్పించమని ఆఫీసర్లకు ఆర్డరు వేసినారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

ఆంబులెన్సు వచ్చింది. నలుగురు పట్టుకోని, నడుము జాగ్రత్తప్పా అనుకుంటా, బొమ్మను ఎక్కించినారు. మేము వెనకాల బస్సులో పోయినాము.

ఆస్పత్రి పెనుకొండ పక్కన. పేరు చెప్పను, నాకు భయం. ఆడ ఖాళీగా ఉన్న రూము ఒక్కటే. ఫ్యాను తిరిగే రూము. దాంట్లో బొమ్మను పెట్టి రిబ్బను కట్టినారు. మాకు వరండాలో చాప వేసినారు. పోలీసులు రాలేదు, జైలూ లేదు. ఎంత పిచ్చిదాన్నో, అనవసరంగా భయపడినా.

పొద్దున నర్సు మునెమ్మ వచ్చింది. సూది వేస్తుందని మా ఆయన చెయ్యి చాపినాడు.

"కొంచెం మెల్లగా దగ్గు పెద్దాయనా," అనింది. "లోపల బొమ్మను చూసేవాళ్లకు దాని దగ్గు సరిగా వినపడల్లేదంట."

మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకోని, టవలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.