చెడిపోని ప్రింటర్లు

జనన మరణ ధ్రువపత్రాల కార్యాలయానికి ఒకే ఒక్క పర్మినెంటు టెక్నీషియన్ పోస్టు మంజూరైనట్టు ప్రజలకు సంతోషంగా తెలియజేయడమైనది. పోటీలో ఉన్నది ఇద్దరు. కింది అంతస్తులో జననాల విభాగం మెషీన్లు చూసే నిదానం, పై అంతస్తులో మరణాల విభాగం చూసే మెరుపు. ఇవి స్టాఫ్ పెట్టిన పేర్లు. ఇద్దరూ ఆరేళ్లుగా టెంపరరీలే.

ప్రింటర్లు కొనేటప్పుడు నిదానం ఒక వింత పని చేశాడు. కంప్యూటరు మాట ప్రింటరుకు ఎక్కించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎంత నిలకడైనదో, కంపెనీ ఇంకా ఎన్నేళ్లు దాన్ని సరిచేస్తూ ఉంటుందో పదిహేను రోజులు కూర్చుని చదివాడు. చదివి చదివి, బూడిదరంగు డబ్బాలు నాలుగు తెచ్చిపెట్టాడు. మెరుపు అలాంటి చాదస్తాలు పెట్టుకోలేదు. నీలం లైట్లు వెలిగేవి తెచ్చాడు. ఆఫీసరుగారు స్వయంగా రిబ్బను కత్తిరించారు.

ఆ తర్వాత కింద జరిగిందేమీ లేదు. పిల్లలు పుట్టారు, కాగితాలు వచ్చాయి. పైన మాత్రం కంప్యూటర్లు అప్‌డేట్ అయిన ప్రతిసారీ ప్రింటర్లు మూగబోయేవి. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ మోడల్ ఎప్పుడో ఆపేశామనేవారు. మెరుపు మెడలో కేబుల్ వేసుకుని, చెమటలు కక్కుతూ, సరిగ్గా ఆఫీసరుగారి గది ముందునుంచే పరుగెత్తేవాడు. ఒకసారైతే రికార్డుల ప్రకారం ఊళ్లో పదకొండు రోజులు ఎవరూ చనిపోలేదు.

ఇంటర్వ్యూ రోజు నిదానం భార్య గుమ్మందాకా వచ్చింది. "ఈసారైనా నోరు తెరిచి చెప్పుకోండి. ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందోనని ఏటా హడలి చావలేకపోతున్నాను."

ఇంటర్వ్యూ గదిలో ఆఫీసరుగారు గొంతు సవరించుకున్నారు.

"మెరుపు సేవలు మరువలేనివి! ఆయన కృషివల్ల మరణాలు సగానికి సగం తగ్గాయి. ఇకపోతే మీరు... మిమ్మల్ని నేనెప్పుడూ చూసినట్టు లేదే! ఏం చేస్తుంటారు?"

"ప్రింటర్లు చెడిపోకుండా చూస్తుంటానండీ."

"చెడిపోవడం లేదుగా! మరింక చూడ్డమెందుకయ్యా?"

నిదానం నమస్కారం పెట్టి, మెట్లు దిగి తన ప్రింటర్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

పోస్టు మెరుపుకి దక్కింది. పనిలేని టెంపరరీ పోస్టు ఒకటి కింద దొరికిందని ఇంటర్వ్యూ కమిటీ గుర్తించి, రద్దు చేసింది. ఆ ఉత్తర్వు పైన ప్రింటు కాలేదు. కింద మాత్రం ఒక్క క్లిక్కుకి వచ్చేసింది, అక్షరం చెదరకుండా. పేరు దగ్గర ఖాళీ వదిలారు. అతని అసలు పేరు ఎవరికీ తెలియదు మరి. నిదానమే పెన్ను తీసి నింపుకున్నాడు.

నవ్వకండి. మీ ఆఫీసులో ప్రింటర్లు బాగానే పనిచేస్తున్నాయి కదా? వాటిని చూసే మనిషి పేరు చెప్పండి చూద్దాం.