ఆదివారం కారని గీజరు

గీజరు కింద నీళ్ళు నిలవని ఇల్లు కూడా ఒక ఇల్లేనా? అలాంటి ఇంట్లో ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ, ఒకరితో ఒకరికి పని లేకుండా బతికేస్తారు. అదే, బాత్‌రూములో రోజూ రెండు చెంబుల నీళ్ళు ఎక్కడినుంచో వచ్చి నిలిచాయనుకోండి, కుటుంబం ఒక్కటవుతుంది. పక్కవాళ్ళు పలకరిస్తారు. నామీద నమ్మకం లేకపోతే విజయనగరంలో హరిచరణ్ మాస్టారి సంగతి వినండి. సాలూరు వెళ్ళే లారీల హారన్లు వినపడకుండా బాల్కనీకి అద్దాలు బిగించుకుని, మ్యూజిక్ స్కూల్లో పాఠాలు కాక, మిగతా వేళల్లో అందులో కూర్చుని ఆన్‌లైన్లో వీణ చెప్పే మాస్టారాయన.

ఆయన భయమల్లా వాళ్ళమ్మ రాజ్యలక్ష్మిగారి మోకాలు. వేసవిలో ఆపరేషనైంది. ఇంకోసారి జారిపడితే నడక మాట మరిచిపొమ్మని డాక్టరు చెప్పేశాడు. మడి కట్టుకుని దేవుడికి నైవేద్యం పెట్టందే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి మంచాన పడితే ఎలా? బాత్‌రూములో తడి చూసినప్పుడల్లా మాస్టారి గుండెల్లో రాయి పడేది.

సరే, పరిశోధన మొదలైంది. మాస్టారి భార్య శ్రీలలిత యూట్యూబులో నాలుగు వీడియోలు చూసి, తప్పు వాల్వుదన్నారు. కింద పోర్షన్ గిరిబాబు, కరెంటాఫీసులో రిటైరైన పెద్దమనిషి, గీజరు వైపు తలైనా ఎత్తకుండా ప్రెషరెక్కువైందని తేల్చేశారు. గీజరు బాగుంటే ఈ విజ్ఞానమంతా ఏమైపోయేది చెప్పండి?

పైగా ఆ గీజరుకి క్రమశిక్షణ ఉంది. అందరూ పనులకి వెళ్ళాకే కారుతుంది. మాస్టారు సాయంత్రం ఐదింటికి వచ్చేసరికి నేలమీద నీళ్ళుంటాయి, పైనుంచి చుక్క పడదు. ఆదివారం అసలు కారదు! ప్లంబరు వస్తాడని తెలిస్తే ఆ రోజూ కారదు. సెలవులు ఇంత శ్రద్ధగా పాటించే యంత్రం ఇంకోటి ఉందా?

ప్లంబరు త్రినాథ్ మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ విప్పి బిగించి, చివరికొక ఉపాయం చెప్పాడు. పొద్దున్నే గీజరు కింద పాత పేపరు పరిచి సాయంత్రం చూడమన్నాడు. చూస్తే పేపరు నిండా పసుప్పచ్చటి మరకలు.

"సూసేరా మాస్టారూ, తుప్పు. ట్యాంకుని లోపల్లోపల తినీసినాది. ఇంక దీనికి మందు నేదు. కొత్తది ఎయ్యాల."

"కొత్తదెందుకురా? ఉన్నదానికేమైందని?" అన్నారు రాజ్యలక్ష్మిగారు వంటింట్లోంచి.

"నీకు తెలీదులే అమ్మా" అన్నారు మాస్టారు. నిజమే కదా, గీజరు గురించి అమ్మనేం అడుగుతాం? యూట్యూబుంది, గిరిబాబుగారున్నారు.

కొత్త గీజరు వచ్చింది. బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు సాయంత్రం అదే చోట అవే నీళ్ళు, పేపరు మీద అదే పసుపు. కొత్త ట్యాంకుకి ఒక్క రోజులో తుప్పు! "మీ నీల్లలోనే ఏదో ఉన్నాది మాస్టారూ" అన్నాడు త్రినాథ్ ఫోన్లో. గిరిబాబు వాస్తు దోషమన్నారు. శ్రీలలిత ఐదో వీడియో చూడటం మొదలుపెట్టారు.

ఆ గురువారం మ్యూజిక్ స్కూలుకి ఒంటిపూట సెలవిచ్చారు. మాస్టారు పన్నెండింటికే ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుందామని బాత్‌రూము తలుపు తోశారు. కొత్త గీజరు గొట్టాల మీద తొమ్మిది గజాల మడిచీర ఆరేసి ఉంది. పసుపు రాసిన అంచు నుంచి ఒక్కో చుక్కే కిందికి కారుతోంది. ఆయన చెయ్యి చాపారు.

"ముట్టుకోకు" అంది వెనకనుంచి అమ్మ గొంతు.

చేతిలో దండెం కర్రతో, ఒట్టి కాళ్ళతో, ఆ తడిలోకే అడుగు పెట్టారావిడ. మోకాలు గుర్తొచ్చి మాస్టారు గబగబా స్టూలు ఆవిడ వైపు జరిపారు. ఆరేసిన మడిచీరకి ఎవరి చెయ్యీ తగలకూడదు. తగిలితే మళ్ళీ తడపాల్సిందే. అందుకని అందరూ వెళ్ళాక కర్రతో పైకెత్తి ఆరేసి, వాళ్ళొచ్చేలోగా కర్రతోనే తీసేస్తున్నారు. బాత్‌రూములోకి మనుషులు తిరిగే ఆదివారాలూ, ప్లంబరు వచ్చే రోజులూ దేవుడి గదిలో పీటల మీద పరుచుకుంటున్నారు.

"ఈ నీళ్ళు చీరవని చెప్పొచ్చు కదమ్మా?"

"నీళ్ళెక్కడివని త్రినాథుని అడిగేవు, గిరిబాబుని అడిగేవు. నన్నడిగేవేట్రా? బాల్కనీకి అద్దాలు బిగించీసేవు, బట్టెక్కడ ఆరేసుకోనురా అని నేను మూడుసార్లడిగేను. చూద్దాంలే అన్నావు. నువ్వు చూసేదాకా తడిబట్ట ఆగుతుందేటి?"

మాస్టారికి నిజంగా సిగ్గేసింది. గీజరు కింద నీళ్ళు నిలవని ఇల్లు ఇల్లే కాదని నేను ఊరికే అన్లేదండీ. అవే నిలవకపోతే ఆవిడ నాలుగోసారి అడిగినా ఎవరి చెవినా పడేది కాదు. మన ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళకి ఆ పాటి నీళ్ళు కూడా సాయానికి రావు.

ఆ సాయంత్రమే అద్దాల గదిలో తాడు కట్టారు. ఇప్పుడు ఆన్‌లైన్లో పిల్లలకి మాస్టారి వెనక పెద్ద మడిచీర కనిపిస్తుంది. ఆయన వీణతో సహా గోడవారకి ఒదిగి, తగలకుండా కూర్చుని పాఠం చెబుతారు. పక్కన రోజూ రెండు చెంబుల నీళ్ళు నిలుస్తున్నాయి. కారణమేమిటని ఎవరూ వెతకడం లేదు. తుడిచేది మాస్టారే.