ఏకగ్రీవంగ ‘చల్లని చెరసాల’

రండి రండి, జర దగ్గరికి జరుగుండ్రి. ఓ తమ్మీ, ఆ సైకిల్ గంట బంద్ చెయ్. బీడీ తాగేటోళ్లు గాలికి అటుపక్క కూసోండ్రి. ఓ అక్కా, కోడలి ముచ్చట రేపు చెప్పుకోవచ్చు, కోడలు యాడికి పోతది? ఇగ నోళ్లు మూసి చెవులు తెరువుండ్రి. మన చిక్కడపల్లి బాలకిషన్ ఈ నగరానికి ఉత్తమ సినిమా ఎట్ల సంపాదించి పెట్టిండో చెప్త. ఇందుల ఒక్క ముక్క అబద్ధమున్నా నా మీసం తీసేస్త. నాకు మీసం లేదనుకో, అది వేరే సంగతి.

అరవై తొమ్మిది గడిచి డెబ్బై వచ్చిన కొత్తల, ఒకనాడు పొద్దుగాల చిక్కడపల్లి సందులకు రిక్షా ఒకటి వచ్చింది. రిక్షా మీద మైకు, మైకు ఎనక బాలకిషన్. పార్టీకి జిందాబాద్ కొట్టీ కొట్టీ ఆయన గొంతు అప్పటికే అరిగిపోయింది, అయినా పైకెత్తిండు.

“మహాజనులారా! సినీకళాబంధు, ఉపమంత్రివర్యులు శ్రీ కాశీవిశ్వనాథం గారి దివ్య సంకల్పం మేరకు, పోయిన ఏడు వచ్చిన సినిమాలన్నిట్ల ప్రజలకు అన్నిటికంటె ఎక్కువ నచ్చిన సినిమా ఏదో, ప్రజలకు తొందర్లనే తెలియజేయబడును.”

ఆ మైకు దెబ్బకు విద్యానగర్ల నిద్రపోతున్న ప్రొఫెసర్లు లేసి, ఆదివారమని చూడకుంట కాలేజీకి పోయిన్రు. మీరే అర్థం చేసుకోండ్రి.

ఉపమంత్రి గారిది చెరువుల్ల చేపలు పెంచే శాఖ. చేపలకు ఓట్లు లేవు గాబట్టి ఆయనకు తీరిక బాగుండేది. తీరికంతా సినిమాలకే. కాకపోతే హాల్ల లైట్లు ఆర్పంగనే ఆయన కళ్లు సుత ఆరిపోతయి. పేర్లు పడేటప్పుడు పడుకుంటె, ఆఖర్ల జనగణమనకు ఠంచన్‌గ లేసి నిలబడతడు. అందరికంటె ముందు లేస్తడని ఆయనకు దేశభక్తుడని పేరొచ్చింది.

పోయిన ఏడంత ఊర్ల వేరే రాష్ట్రం లొల్లి మీకెరుకే. బళ్లు బంద్, బస్సులు బంద్. అశోక్‌నగర్ల ఉన్న కోస్తా వాళ్లు, నారాయణగూడల ఉన్న ఇక్కడి వాళ్లు ఎదురుపడితే చెప్పులు చూసుకుంట నడుస్తుండ్రి. వీళ్లందరిని ఒక్క సినిమా మీద కలపాలని ఉపమంత్రి గారికి తోచింది. బాలకిషన్‌ను మైకు తిరిగినంక ఇంటికి పిలిపించిండు.

“బాలకిషన్, నువ్వే కన్వీనర్‌వి. ఓటింగు మాత్రం పెట్టకు. ఓటంటే ఎవడో ఒకడు ఓడిపోతాడు. ఓడినవాడు కుర్చీ ఎత్తుతాడు. నాకు ఏకగ్రీవం కావాలి.”

“సార్, సినిమా కాడ ఏకగ్రీవం ఎట్ల అయితది? మా ఇంట్ల మేము ఇద్దరమే ఉన్నం. ఇంత వరకు ఒక్కసారి కాలే.”

“అయితే స్టాండు సంగతి బుగ్గయ్యతో మాట్లాడమంటావా?”

బాలకిషన్ గుండెకాయ జారి మోకాళ్ల కాడికి వచ్చింది. స్టాండంటే సైకిల్ స్టాండు. ఉపమంత్రి గారి బామ్మర్ది అశోక్‌నగర్ల కొత్త సినిమా హాలు కడుతుండు. దాని ముందట సైకిల్ స్టాండు బాలకిషన్‌కే ఇస్తనని ఎలక్షన్ల కాన్నుంచి మాట. ముషీరాబాద్ బుగ్గయ్య కూడ దాని మీదనే కన్నేసిండు. స్టాండొస్తె బాలకిషన్ ఇంట్ల పొయ్యి రోజూ మండుతది. రాకపోతె భార్య పద్మ పుట్టింటికి పోతనని చెప్పనే చెప్పింది.

“ఏకగ్రీవమే అయితది సార్,” అన్నడు.

కమిటీల ముగ్గురు. అశోక్‌నగర్ నుంచి రామచంద్రరావు గారు, లెక్కల ఆఫీసుల సూపరింటెండెంటు, ఊపిరి కూడ లెక్కపెట్టి తీస్తడు. నారాయణగూడ నుంచి వకీలు విద్యాసాగర్, ఎవరన్న నమస్తే అంటె ఏ సెక్షన్ కింద అని అడుగుతడు. మహిళా మండలి నుంచి అన్నపూర్ణమ్మ గారు. నారాయణగూడ చౌరస్తాల ఇరానీ హోటల్ల మీటింగు. చాయ్ వచ్చేదాక అందరు దేశ సమైక్యత గురించి మాట్లాడిన్రు. చాయ్ వచ్చినంక సినిమాలు మొదలైనయ్.

“కత్తియుద్ధం సినిమాని మించింది లేదండీ,” అన్నడు రామచంద్రరావు గారు. “హీరో ఏనుగు మీంచి గుర్రం మీదికి, గుర్రం మీంచి సింహాసనం మీదికి దూకుతాడు. పైగా గోదావరి. అంత వెడల్పు గోదావరిని ఇంతవరకూ ఎవడూ చూపించలేదండీ.”

“గోదావరి మా దిక్కు నుంచి కూడ పోతది సార్,” అన్నడు విద్యాసాగర్. “గా ముక్క సినిమాల ఉన్నదా? ఒక్క పాటన్న మూసీ ఒడ్డుకు తీసిన్రా?”

“మూసీలో నీళ్లేవండీ, పాట తియ్యడానికి?”

“నీళ్లు లేకుంటె ఎడారి పాట తియ్యాలె. మనసుండాలె గని.”

“మీకే సినిమా నచ్చిందో చెప్పండి ముందు.”

“కన్నీళ్ల సినిమా. చెల్లె కొరకు అన్న కండ్లు ఇస్తడు చూడు, గది. మా ఇంటోళ్లు హాల్ల నుంచి ఏడ్సుకుంట వస్తుంటె రిక్షా తొక్కేటోడు కూడ ఏడ్సిండు. కండ్లు కనపడక మమ్ములను కాచిగూడల దింపిండు.”

“ఆ పిల్లకి అన్నం వడ్డించడం కూడా రాదు నాయనా, ఏం సినిమా అది,” అన్నది అన్నపూర్ణమ్మ గారు. “దేవుడి సినిమాకివ్వండి. హాల్లో కొబ్బరికాయ కొట్టాం. చెప్పులు బయట విడిచి చూశాం. కాదన్నవాళ్లకి కళ్లు పోతాయి.”

“బెదిరించుడు కుదరదమ్మా, అది నేరం,” అన్నడు విద్యాసాగర్.

“నేనేం బెదిరించలేదు. సమాచారం ఇచ్చాను.”

ముచ్చట పెరిగింది. రామచంద్రరావు గారు లేసి ఎనక్కి చూడకుంటనే కుర్చీ వీపు పట్టుకున్నడు. విద్యాసాగర్ సోడా సీస చేతిలకు తీసుకున్నడు. బాలకిషన్‌కు సోడా సీస కనపడలే. అశోక్‌నగర్ల సైకిళ్ల వరస కనపడ్డది, వరస ముందట స్టూలేసుకుని తొడ మీద తొడ ఏసుకున్న బుగ్గయ్య కనపడ్డడు. పరేషాన్‌ల ముఖం తిప్పిండు. బయట సడక్ అవతలి గోడ మీద పోస్టరొకటి. ఏడుస్తున్న ఆడమనిషి, గుండె మీద చెయ్యేసుకున్న మొగమనిషి, మధ్యల జైలు ఊచలు. పైన పేరు.

“చల్లని చెరసాల,” అన్నడు బాలకిషన్.

హోటల్ మొత్తం సప్పుడు బంద్. ఈగలు కూడ గోడకు వాలినయ్.  ఆ సినిమా బాలకిషనే చూడలే. ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో కూడ తెల్వదు.

ముందుగాల రామచంద్రరావు గారు కుర్చీ వదిలిండు. అద్దాలు తుడుసుకున్నడు. “అంటే... దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదండీ. అది వేరే స్థాయి కదా.”

కోస్తాయన చూసినంక విద్యాసాగర్ ఎట్ల ఎనకబడతడు? సోడా సీస కింద పెట్టిండు. “మొదటి రోజు మొదటి ఆట చూసిన. ఆ జైలు సీను ఉన్నది చూడు...”

“ఆ జైలు సీనులో నిశ్శబ్దం,” అన్నడు రామచంద్రరావు గారు.

“గదే నేను చెప్పవోతున్న. నిశ్శబ్దం గట్టిగ ఉన్నది.”

“ఆ పిల్ల కష్టం చూళ్లేక నేను కళ్లు మూసుకున్నాను నాయనా,” అన్నది అన్నపూర్ణమ్మ గారు. “చాలాసేపు మూసుకున్నా.”

“మరి ఆఖర్ల ఏమైతది?” అని బాలకిషన్ నిజంగనే అడిగిండు.

ముగ్గురు ఆయన దిక్కు జాలిగ చూసిన్రు. “అది చెప్పకూడదు,” అన్నడు రామచంద్రరావు గారు. “చూడనివాళ్లు ఉంటారు.”

విద్యాసాగర్‌కు ఒక్క అనుమానం మిగిలింది. “అందుల గోదావరి ఉన్నదా సార్?”

“లేదనే నా జ్ఞాపకం.”

“మూసీ?”

“అదీ లేదండీ.”

“అయితె నాకు అభ్యంతరం లేదు.”

అట్ల ఏకగ్రీవమైంది. ముగ్గురు సంతకాలు పెట్టి, ఒకరి చాయ్ ఒకరు తాగిన్రు.

బాలకిషన్ సంబురంగ నిర్మాతను ఎతుక్కుంట పోయిండు. మద్రాసు పోవాల్సి వస్తదనుకున్నడు గని, ఆయన నారాయణగూడల లాడ్జిలనే దొరికిండు. పేరు తిమ్మప్ప, అనంతపురం దిక్కాయన. తలుపు సందుల నుంచి ఒక్క కన్నే బయట పెట్టిండు.

“ఎవురప్పా?”

“అన్నా, నీ సినిమాకు ప్రైజొచ్చింది. ఉత్తమ సినిమా. ఉపమంత్రి గారి చేతుల మీదుగ.”

రెండో కన్ను కూడ బయటికొచ్చింది. “ఏ సినిమాకి?”

“నీయి ఎన్ని సినిమాలున్నయే?”

“ఒగటి గూడా లేదప్పా,” అన్నడు తిమ్మప్ప, మంచం మీద కూలబడి. “పాటొకటి తీసినాం. అంతట్లోకే జైలు సెట్టు వానకు కూలిపోయె. లోపలున్న హీరో బయటపడి పారిపాయె. మళ్ళా దొరకల్యా.”

“మరి పోస్టరు?”

“పోస్టరు ముందే ఏసినాం గదా. కింద ‘త్వరలో’ అని ఎర్రంగా అచ్చు కొట్టించినా.”

ఇద్దరు కిటికీల నుంచి హోటల్ ముందటి ఆ గోడ దిక్కు చూసిన్రు. పోస్టరుకు కింది సగం లేదు. గోడ కింద మేక ఒకటి కండ్లు మూసుకుని నెమరేస్తున్నది. మైదా గంజి పూసిన కాయితమంటె మేకకు షాదీల బిర్యానీ.

బాలకిషన్ ఇంటికి పోయి పద్మకు అంత చెప్పిండు. ప్రైజిచ్చే సభ రేపే.

“పోయి సారుకు నిజం చెప్పు,” అన్నది పద్మ.

“చెప్తె స్టాండు బుగ్గయ్యకు పోతది.”

“చెప్పకుంటె?”

“సభల ఎవడన్న లేసి సినిమా ఏదిరా అంటె సారు ఇజ్జత్ పోతది. అప్పుడు కూడ స్టాండు బుగ్గయ్యకే.”

పద్మ పొయ్యి ఊదింది. “ఇంతకు నీకు నచ్చిన సినిమా ఏంది?”

“నన్నెవరడిగిన్రే? ఫ్యాన్ కింద సీటు దొరికింది చూడు, గదే నచ్చింది.”

తెల్లారి పోయేసరికి ఉపమంత్రి గారు గడ్డం గీయించుకుంటుండు. ఒక చెంప నున్నగ, ఒక చెంప నురగ. బాలకిషన్ విషయం చెప్పిండు. 

“అంటే, ఆ సినిమా ఎవరూ చూడలేదు.”

“ఎవ్వలు చూడలే సార్.”

“అయితే నచ్చలేదనే అవకాశం ఎవరికీ లేదు.” మంగలి దిక్కు రెండో చెంప తిప్పిండు. “కంగారుపడకు బాలకిషన్. పోయినేడు మా శాఖలో ఉత్తమ చెరువు బహుమతి ఇచ్చాం. ఆ చెరువెక్కడుందని ఒక్క చేపైనా అడిగిందా?”

సాయంత్రం నారాయణగూడ మైదానంల ఇసుకేస్తె రాలనంత జనం. బాగ్ లింగంపల్లిల ఇండ్లకు తాళాలు పడ్డయి. ఉపమంత్రి గారు మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నడు.

“‘చల్లని చెరసాల’ చివరి క్షణంలో నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచి నిలబడిపోయాను. చూసినవారంతా చేతులెత్తండి.”

చూడలేదంటె రేపు చిక్కడపల్లిల తల ఎట్ల ఎత్తుకుంటరు? చేతులన్ని లేసినయ్. బందోబస్తుకొచ్చిన పోలీసులు లాఠీలు చంకల పెట్టుకుని మరీ ఎత్తిన్రు. పల్లీలమ్మే మాసమ్మ రెండు చేతులెత్తింది. “నేను రెండుసార్లు చూసిన. రెండోసారే మంచిగ తీసిన్రు,” అన్నది.

తిమ్మప్ప షీల్డు తీసుకుని కండ్లనీళ్లు పెట్టుకున్నడు. బాలకిషన్ చెవుల మెల్లగ అడిగిండు: “అప్పా, ఆఖర్లో ఏమయితాదో ఈళ్లల్లో ఎవురన్నా చెప్తారేమో కనుక్కో. మా కత రాసేటోడు గూడా పారిపోయినాడు.”

అగో, అప్పుడు లేసిండు బుగ్గయ్య. పొట్ట ముందుకేసి, రెండు చేతులు నడుముకు పెట్టి, “ఈ సినిమా ఏ హాల్ల ఆడింది?” అన్నడు.

బాలకిషన్‌కు కాళ్ల కింద నారాయణగూడ లేదు. సైకిళ్లు లేవు, స్టాండు లేదు, పద్మ మూట సదురుకుంటున్నది. 

అంతల స్టేజీ మీద రెండు కుర్చీలు ఒక్కసారి సప్పుడైనయ్. ఒక దిక్కు రామచంద్రరావు గారు, ఇంకో దిక్కు విద్యాసాగర్. ఏడాది పొడుగుత ఒకరి ముఖం ఒకరు చూడనోళ్లు, ఒక్క తీరుగ లేసిన్రు.

“ఏ హాలా? ఆ మాత్రం తెలియదుటండీ?” అన్నడు రామచంద్రరావు గారు.

“కళ తెల్వనోడు సభకెందుకొచ్చిండు? కూసోబెట్టున్రి,” అన్నడు విద్యాసాగర్.

“సరిగ్గా అన్నారు వకీలుగారూ.”

“మీరన్నంకనే నేనన్న సార్.”

ఇద్దరు చేతులు పట్టుకున్నరు. జనం చప్పట్లు. అశోక్‌నగర్ వాళ్లు నారాయణగూడ వాళ్లకు పల్లీలు పెట్టిన్రు. బుగ్గయ్య అటు చూసిండు, ఇటు చూసిండు, కూలబడ్డడు. “ఊకనే అడిగిన. నేను చూసింది వేరే హాల్ల,” అన్నడు.

ఉపమంత్రి గారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అక్కడికక్కడనే బాలకిషన్ మెడల దండేసి, కొత్త హాలు గేటు తాళంచెవి చేతుల పెట్టిండు. “సైకిల్ స్టాండు నీదే. రేపట్నుంచే కూర్చో.”

మరునాడు పద్మ కొత్త అంగీ తొడిగిచ్చింది. స్టూలు, తాడు, రేకు బిళ్లల సంచి పట్టుకుని బాలకిషన్ అశోక్‌నగర్ పోయిండు. చుట్టూర ఎత్తు రేకుల దడి. దాని ఎనక హాలు కడుతున్నరని సారే చెప్పిండు. సారు చెప్పినంక సందుల నుంచి తొంగి చూసుడు పార్టీ క్రమశిక్షణకు విరుద్ధం గాబట్టి ఇంత వరకు చూడలే. తాళం తీసి గేటు నూకిండు.

తుమ్మ చెట్లు. రెండు బర్రెలు. నడిమిట్ల ఉపమంత్రి గారి పేరు చెక్కిన శంకుస్థాపన రాయి. రాయికి ఒక బర్రె వీపు గోక్కుంటున్నది.

 బాలకిషన్ తాడు తీసి ఈ తుమ్మ నుంచి ఆ తుమ్మకు కట్టిండు. స్టూలేసుకుని కూసున్నడు.

పొద్దుగూకే యాళ్లకు బాగ్ లింగంపల్లి పీరయ్య సైకిల్ తొక్కుకుంట వచ్చిండు. ఎనక క్యారేజీ మీద పూలు పెట్టుకుని భార్య. సైకిల్ తాడుకు ఆనించి, బిళ్ల తీసుకుని జేబుల ఏసుకున్నడు. తుమ్మ చెట్ల దిక్కు చూసిండు, బర్రెల దిక్కు చూసిండు, బాలకిషన్ దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు:

“అన్నా, పేర్లు పడ్డయా? పేర్ల కాన్నుంచి చూడకుంటె మా ఆమెకు కథ సమజ్ కాదు.”