పైపు కారితేనే తోటకూర

కారుతున్న నీళ్ళ పైపును బాగుచేసేవాణ్ణి మించిన ప్రజాశత్రువు లేడు! ఈ మాట ఊరికే అనడం లేదు. ఈ ఎండాకాలమంతా ఆలోచించి, పచ్చటి తోటకూర మడినొకదాన్ని నా పెన్నుతో నేనే చంపి మరీ అంటున్నాను.

ముందు మా వీధి సంగతి చెప్పాలి. మా కుళాయికి నీళ్ళు నాలుగు రోజులకోసారి వస్తాయి, గంటసేపు ఉంటాయి. కాని మా వీధి మట్టి కిందినుంచి ఒక లావుపాటి పైపు పోతుంది. అందులో రాత్రింబవళ్ళు నీళ్ళే. అవి మాకు కాదు, అవతలెక్కడో పచ్చగడ్డి పెంచుకునే బంగళాలకు. మూడేళ్ళుగా ఆ పైపు మా వీధి మలుపులో సన్నగా కారుతోంది. బాధ్యతగల పౌరుణ్ణి కనక, దాన్ని ఆపమని నీళ్ళ ఆఫీసుకు పదకొండు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు. అందుకు ఆ ఆఫీసువారికి ఇందుమూలంగా నా కృతజ్ఞతలు.

ఎందుకంటారా?

వేసవి మొదట్లో మా ఆవిడకు కళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ పరీక్ష చేయించి, రక్తం ఎనిమిదే ఉందంది. "మాత్రలు పడటం లేదంటున్నారుగా. రోజూ ఆకుకూర తినండి, ఒక్కరోజు కూడా మానొద్దు" అని చెప్పి పంపేసింది. చెప్పడానికేం, నోరుంటే చాలు. మండువేసవిలో బజారుకొచ్చే ఆకుకూరను మీరెప్పుడైనా చూశారా? ఆ కట్టను చూస్తే రక్తం తక్కువైంది దానికేనేమో అనిపిస్తుంది.

పెరట్లో నేనే పండిస్తానన్నాను. నాలుగక్షరం ముక్కలు వచ్చినవాణ్ణి, ఆ మాత్రం చేతకాదా? ఫోనులో పదహారు వీడియోలు చూశాను. ఒకాయన మడిని ఎత్తుగా కట్టమన్నాడు, కట్టాను. అది వానాకాలానికని వీడియో చివర్లో చెప్పాడట. నేను చివరిదాకా చూడలేదు. నీళ్ళొచ్చిన రోజున మిట్టమధ్యాహ్నం బకెట్టెడు పోస్తే, సగం గట్టు మీంచి జారిపోయాయి, సగం ఎండ తాగేసింది. మట్టి పైన పెచ్చు కట్టి, నేను చల్లిన పాలకూర విత్తనాలు ఆ పెచ్చు కిందే సమాధి అయ్యాయి. నా వ్యవసాయాన్ని మా ఆవిడ రోజూ వంటగది కిటికీలోంచి చూసేది. ఏమీ అనేది కాదు. ముప్పై ఏళ్ళ కాపురంలో అనవలసినవన్నీ ఎప్పుడో అనేసింది.

అయినా మా ఇంట్లో రోజూ తోటకూరే! లేత కాడలు, అరచేయంత ఆకులు. వారం రోజులు తిన్నాక గాని నాకు అనుమానం రాలేదు.

"ఇంతకీ ఎక్కడిదిది?" అనడిగాను.

"మీ పైపుదే" అంది మా ఆవిడ.

మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిణ్ణి వీధంతా ఇస్త్రీ అక్క అంటుంది. బండి వెనక, పైపు కారేచోట, నాలుగు మంచాలు పట్టేంత జాగాలో ఆమె మడి వేసింది. నేను మూడేళ్ళుగా ఆ దారినే నడుస్తున్నాను. కారే పైపును చూశాను గాని మడిని చూడలేదు. అర్జీలు పెట్టేవాడి చూపు అలాగే ఉంటుంది.

ఆమె మడి నేలకంటే జానెడు లోతులో ఉంది, చుక్క బయటికి పోదు. విత్తనాన్ని ఇసుకలో కలిపి చల్లుతుంది. మొదళ్ళలో ఎండుటాకులు పరిచింది, పైన పాత దుప్పటితో పందిరి వేసింది. పొద్దు వాలాక గాని తడపదు. ఆకుకు పురుగు కనిపిస్తే ఇస్త్రీపెట్టెలో చల్లారిన బూడిద కాస్త చల్లుతుంది. మొక్కను పీకదు, కొన గిల్లుతుంది, అది పక్కనుంచి మళ్ళీ చిగురేస్తుంది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాను.

"నీళ్ళు లేనిచోట పుట్టాను అన్నయ్యగారూ" అంది.

నెల తిరిగేసరికి మా ఆవిడ రక్తం తొమ్మిదిన్నరకు ఎక్కింది. పదకొండు దాటేదాకా ఆకుకూర ఆపొద్దంది డాక్టరమ్మ.

అప్పుడు పట్టాయి నాకు చెమటలు. నా పదకొండు అర్జీలూ ఆ ఆఫీసులోనే ఉన్నాయి కదా! పొరపాటున ఎవరైనా ఒకటి చదివితే? పైపు మూస్తారు, మడి ఎండుతుంది, మా ఆవిడ మళ్ళీ గోడ పట్టుకుని నడుస్తుంది. వెంటనే పన్నెండో అర్జీకి కూర్చున్నాను. 'అయ్యా, మా వీధి పైపును దయచేసి బాగుచేయవద్దు' అని ఎత్తుకుని, ఆకుకూరల ఘనతా, ఆఫీసువారి ఓర్పూ కలిపి మూడు పేజీలు రాశాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. కొంప మునిగింది అక్కడే.

వారం తిరక్కుండా జీపు వచ్చింది. గడ్డపారలతో ఆరుగురు మనుషులు దిగారు. పాత లైన్‌మన్ నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు.

"బాగుచెయ్యమని రోజుకు నలభై వస్తాయండి, ఎవరు చదువుతారు? బాగుచెయ్యొద్దని వచ్చింది మీదొక్కటే. టీ తాగుతూ ఆఫీసంతా చదివాం. మా సార్‌కి ఎంత నచ్చిందంటే, స్వయంగా చూస్తానని వచ్చారు."

సార్ అంటే కుర్ర ఇంజనీరు. మర్యాదస్తుడే. మడిని చూసి ఇస్త్రీ అక్కతో, "ఇవి దొంగనీళ్ళమ్మా" అన్నాడు.

ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టి ఇటు తిరిగింది. "దొంగ ఎవరు సార్? మా గుమ్మాల ముందునుంచే పోతాయి, మాకు చెప్పకుండా పోతాయి. ఇది మూస్తే ఈ అన్నయ్యగారి కుళాయికి రోజూ వస్తాయా?"

"అది వేరే స్కీమమ్మా."

"ఇది నా స్కీము సార్."

ఇంజనీరు నవ్వాడు. నవ్వుతూనే తవ్వించాడు. మూడు గంటల్లో మడి మట్టిదిబ్బయింది. లేచిపోయిన మొక్కల్ని అక్క ఒక్కొక్కటే ఏరి, మట్టి దులిపి, మా ఆవిడ కొంగులో పోసింది. "ఇవాళ్టికి ఇవి వండుకోండి వదినగారూ" అంది. ఇద్దరిలో ఒక్కరు తిట్టినా బాగుండేది.

మరునాటినుంచి అంతా చట్టప్రకారం ఉంది. మలుపులో ఎండుమట్టి, మా కుళాయిలో గాలి, పెరట్లో నా ఎత్తుమడి.

కాని మన రిపేర్లను అంత తక్కువగా చూడకూడదు. పదో రోజున, కొత్తగా బిగించిన జాయింటుకు ఇరవై అడుగుల అవతల నేల చెమ్మగిల్లింది. నాకెలాగూ కనపడదు, మా ఆవిడ చూసింది. సాయంత్రానికల్లా ఇస్త్రీ బండి అక్కడికి జరిగింది. నేనూ చెప్పులు విప్పి పార పట్టాను. "ఎత్తుగా కట్టకండి అన్నయ్యగారూ" అని అక్క పక్కనే నిలబడి చెబుతుంటే, జానెడు లోతు నేనే తవ్వాను. విత్తనం చల్లింది మా ఆవిడ. మొలకలొచ్చి నాలుగు రోజులైంది.

నాకూ తెలుసు, మంచినీళ్ళు మట్టిపాలు కావడం తప్పే. ఆ పెద్ద పైపునుంచి మా వీధికి రోజుకో గంట వదలమనండి, కారేచోటికి నేనే వేలు పట్టి తీసుకెళ్తాను. ఈ మాట అడగడానికి పన్నెండు అర్జీలు రాసినవాడికి ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు అడగాలంటే భయంగా ఉంది. మాట కొత్తగా ఉంది కదా, చదివేసి, నీళ్ళివ్వకుండానే పైపు మూసిపోతారేమో!

అందుకే పదమూడో అర్జీ మా ఆవిడ చెబుతుంటే రాశాను. ఒకటే వాక్యం: 'మా వీధిలో పైపు కారుతోంది, వెంటనే బాగుచేయగలరు.' డాక్టరమ్మ వచ్చే నెల మళ్ళీ రక్తం చూస్తానంది. అప్పటిదాకా ఆ కాగితం రోజువారీ నలభైలో కలిసి ఆ ఆఫీసులో భద్రంగా ఉంటుంది.