ఆరింటికి ఆగిపోయే వీడియో

ఆ మేడలోని ఎనిమిది వాటాల వాళ్ళూ ఆయన్ని ఇంజనీరు గారనే పిలుస్తారు. నిజానికి ఆయన ఉద్యోగం ఆఫీసుకొచ్చిన ఉత్తరాల మీద నంబర్లు వెయ్యడం. ఎప్పుడో మెట్ల దగ్గర మాడిపోయిన బల్బు మార్చిన పుణ్యానికి ఆ బిరుదు అంటుకుంది. ఆయనా వద్దనలేదు.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా సాయంత్రం ఆరింటికి మొగుడూ పెళ్ళాం బాల్కనీలో కూర్చుని టీ తాగుతారు. ఆఫీసులో ఎవరు ఎవర్ని ఏమన్నారో ఆయన చెప్తాడు, ఆవిడ “తర్వాత?” అంటుంది. ఆ “తర్వాత?” కోసమే ఆయన ఆఫీసుకు వెళ్తాడంటే అబద్ధం కాదు.

అలాంటిది ఆవిడ లైబ్రరీ పని నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరింది. శనివారం సాయంత్రంలోగా వీడియోలన్నీ చూసి పరీక్ష రాస్తే, వీధి చివరి బడి లైబ్రరీలో ఉద్యోగం ఖాయం. ఇక ఆరయ్యేసరికి ఆవిడ చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఆయన చేతిలో ఫ్లాస్కు.

వారం రోజులు ఓర్చుకున్నాడు. సోమవారం ఇక ఓర్చుకోలేక, పిల్లిలా కర్టెన్ వెనక్కి వెళ్ళి రూటర్‌లోకొచ్చే సన్న వైరు పీకేశాడు.

“ఏమండీ, వీడియో ఆగిపోయి చక్రంలా తిరుగుతోంది.”

“జరుగు, చూద్దాం,” అంటూ కుర్చీ పక్కకు లాక్కున్నాడు. “లోపల చెత్త పేరుకుంది. తుడవాలి.”

“ఎంతసేపు?”

“గంట.”

“నేను ఇల్లంతా ఇరవై నిమిషాల్లో తుడుస్తాను.”

“ఇది సాంకేతికమైన చెత్త.”

ఆవిడ లేచి వెళ్ళి రెండు కప్పుల టీ తెచ్చింది. చెత్త తుడుస్తూ తుడుస్తూ ఆయన కబుర్లెత్తుకున్నాడు. హెడ్‌క్లర్కు కళ్ళజోడు నెత్తినే పెట్టుకుని సెక్షనంతా వెతికించాడట. “తర్వాత?” అంది ఆవిడ. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఏడింటికి వైరు తగిలించి వచ్చాడు.

“మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో,” అంది ఆవిడ.

మంగళవారం బ్రౌజర్ మార్చాలన్నాడు. బుధవారం లాప్‌టాప్‌ను కిటికీ వైపు తిప్పాలన్నాడు. గురువారం లాప్‌టాప్ అలిసిపోయింది, కాస్త పడుకోనివ్వాలన్నాడు. ఆవిడ అన్నిటికీ బుద్ధిగా తల ఊపింది.

శుక్రవారం ఆయనలోని ఇంజనీరు విజృంభించాడు. రోజూ వైరేనా అని రూటర్ వెనకున్న చిన్న రంధ్రంలో పిన్నీసు పెట్టి నొక్కాడు. పచ్చ దీపాలన్నీ ఆరి ఒక్క ఎర్ర దీపం మిగిలింది. ఏడైనా అది అలాగే ఉంది. ఆయన గుండెల్లో రాయి పడింది.

మర్నాడే ఆఖరి రోజు. ఫోన్ నెట్ ఇద్దామంటే, ఆ ఇంట్లో సిగ్నల్ అందేది బాల్కనీ మూల, బట్టల తీగ ఎత్తులో మాత్రమే. శనివారం నాలుగింటికి స్టూలెక్కి, ఫోన్ పైకెత్తి నిలబడ్డాడు.

“దించకండి, ప్రశ్నలొస్తున్నాయి,” అంది ఆవిడ లోపల్నుంచి.

ఎదురు మేడలోని రిటైర్డ్ మాస్టారు చూశాడు. “ఏం చేస్తున్నారు ఇంజనీరు గారూ?”

“సిగ్నల్ పట్టుకుంటున్నానండి.”

“పట్టుకుని?”

“మా ఆవిడకిస్తున్నాను.”

గంట గడిచేసరికి చెయ్యి తనది కాదనిపించింది. దానికన్నా మనసు ఎక్కువ నొప్పెట్టింది. తనవల్ల ఆ ఉద్యోగం పోతే, ఇక ఏ మొహం పెట్టుకుని ఆ “తర్వాత?” వినడం? స్టూలు దిగి లోపలికి వెళ్ళాడు.

“రోజూ వైరు పీకింది నేనేనే.”

ఆవిడ తీరిగ్గా బఠానీలు ఒలుస్తోంది. లాప్‌టాప్ మూసి ఉంది. దాని మీద సర్టిఫికెట్టు.

“పరీక్ష బుధవారమే రాశాను. మీరు ఆఫీసుకెళ్ళాక వీడియోలు చక్కగా ఆడతాయి.”

“మరి రూటరు?”

“పొద్దున మీరు స్నానానికెళ్ళినప్పుడు నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో బాగయింది.”

“వైరు సంగతి నీకెప్పుడు తెలిసింది?”

“సోమవారమే. వీడియో ఆగితే ముందు వైరు చూడమని కోర్సు వాళ్ళే రాశారు. టీకి లేచినప్పుడు చూశాను.”

“అప్పుడే అడగొచ్చుగా?”

“అడిగితే పక్కన కూర్చునేవారా? నాకూ ఆ కబుర్లు కావాలి.”

ఆయన చెయ్యి నిమురుకున్నాడు. “మరి ఈ గంటసేపు నిలబెట్టడం దేనికి?”

“పిన్నీసుకి. రూటర్ రంధ్రంలోనే మరిచిపోయారు. అన్నట్టు, ఎల్లుండి నుంచి ఆరింటికి నేను ఇంటికొచ్చేసరికి టీ మీదే. మిమ్మల్నీ ఒక వంట కోర్సులో చేర్చాను. మొదటి పాఠం టీ.”

సోమవారం ఐదున్నరకు ఆయన మొదటి పాఠం తెరిచాడు. వీడియో తిరుగుతూనే ఉంది. కర్టెన్ వెనక్కి వెళ్ళి చూస్తే, వైరు ఊడి వేలాడుతోంది. పొద్దున ఆఖర్న ఇంటికి తాళం వేసింది ఆవిడే. తగిలిద్దామని చెయ్యి చాపి, ఎందుకో మళ్ళీ వెనక్కి తీసుకుని, వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

ఆరింటికి ఆవిడ వచ్చి సంచీ కింద పెట్టింది. “ఏమైంది?”

“వీడియో తిరుగుతోంది.”

“జరగండి, చూద్దాం,” అంటూ ఆవిడ కుర్చీ పక్కకు లాక్కుంది. “గంట పడుతుందేమో. ఇవాళ మా లైబ్రరీలో ఏమైందంటే...”

“తర్వాత?” అన్నాడు ఆయన.