జాడీలో పులి జాడ

ఇన్నొకెంతి ఆ రోజు పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. రష్యా తూర్పు కొసన ఉస్సూరి అడవుల్లో పులుల వెంట తిరిగే పరిశోధకుడు గడ్డం గీసుకున్నాడంటే ఊళ్ళో పెళ్ళయినా ఉండాలి, పట్నం నుంచి అధికారైనా దిగాలి. దిగబోతున్నది అధికారే. పేరు ఎల్విరా ఆడమొవ్నా. అటవీశాఖలో పెద్ద సంతకం ఆవిడది.

ఆ సంతకం మీదే ఎగువ లోయ బతుకు ఆధారపడి ఉంది. లోయకు ఏలిక బారిన్యా అనే ముసలి ఆడపులి. చలికాలం నుంచి ఒక్క కెమెరాకూ చిక్కలేదు. అది చచ్చిపోయి ఉంటుంది, ఇక చెట్లు కొట్టుకుంటాం అని కలప వ్యాపారులు రంపాలకు పదును పెట్టుకుంటున్నారు. ఇన్నొకెంతి మాత్రం ఈమధ్య ఒక కొండవారన దొరికిన పులి పెంటను గాజు జాడీలో భద్రం చేశాడు. దాని పక్కనే వేరే లోయల పులుల జాడీలు, బారిన్యాదే పాత జాడీ ఒకటి.

పని తేలికే. పాత జాడీలన్నీ గుండ్రంగా పేర్చి, కొత్త పెంట వాసన కుక్క పూల్యకు చూపించాలి. అది జాడీ జాడీ మూచూసుకుంటూ తిరిగి బారిన్యా జాడీ ముందు కూర్చుంటే పులి బతికున్నట్టే. పులి జాడ జాడీలో ఉంది, జాడీ కొట్లో ఉంది, కొట్టుకు తాళం మాత్రం లేదు.

కొట్టు తలుపు తీసిన ఇన్నొకెంతి కొయ్యబారిపోయాడు. జాడీలు ఉన్నాయి. తళతళలాడుతున్నాయి కూడా. వాటి నిండా ఉప్పునీళ్ళలో వెల్లుల్లితో కలిసి కీర దోసకాయలు ఈదుతున్నాయి. పులివి పోయి పులిసేవి వచ్చాయి.

"అత్తయ్యా!"

తన కూతురు, ఇన్నొకెంతి భార్య తాయా ఆసుపత్రి డ్యూటీలో మునిగిపోయిందని ఊరగాయల వేళకు సాయం వచ్చిన క్లావ్దియా జఖారొవ్నా వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏం నాయనా, ఆ పొలికేకేంటి? పులొచ్చిందా?"

"పులి పోయింది! ఆ జాడీల్లో ఉన్నదంతా ఏం చేశారు?"

"ఆ బూజుపట్టిన పుట్టగొడుగులా? ఆగస్టులో ఊరంతా ఖాళీ జాడీ కోసం కొట్టుకు చస్తుంటే అన్నిట్లో ఆ దరిద్రం దాస్తావా? ఒకటి నానబెట్టి చూశా, ఎంతకీ మెత్తబడదే! మొన్ననే అంతా తీసుకెళ్ళి ఆవిరిస్నానాల గది వెనక కంచెవారన పోసేశా."

"అవి పుట్టగొడుగులు కావు. పులి పెంట." ఇన్నొకెంతికి ఇంకో సందేహం వచ్చింది. "నానబెట్టారా? మరి మొన్నటి సూపు..."

"అది కొన్న పుట్టగొడుగులదే," అంది అత్తగారు. కాసేపు ఆలోచించి, "అనుకుంటా," అంది.

అప్పుడే గేటు ముందు జీపు ఆగింది.

"కాస్త ముందే వచ్చాను," అంది ఎల్విరా. "త్వరగా కానివ్వండి. మధ్యాహ్నానికి ఇంకో ఊళ్ళో సంతకం ఉంది."

ఇన్నొకెంతి నోరు తెరిచేలోగా, తాను చేసిన పెంట తానే ఎత్తాలనుకున్న అత్తగారు రంగంలోకి దిగింది. మూతలు తీసి జాడీలన్నీ పెరట్లో గుండ్రంగా పేర్చేసింది. ఎల్విరా వంగి చూసింది.

"ఇదేంటి, ఆకుపచ్చగా ఉంది?"

"వేసవి కదమ్మా, పులి గడ్డి తింటుంది."

"వెల్లుల్లి వాసనొస్తోంది."

"జలుబు చేసి ఉంటుంది."

ఎల్విరా రాసుకుంది. ఇన్నొకెంతి కళ్ళు మూసుకున్నాడు.

అత్తగారు అంతటితో ఆగలేదు. పారబోసేటప్పుడు వాడిన చేతితొడుగు తెచ్చి పూల్య ముక్కుకు ఆనించింది. పూల్య శ్రద్ధగా వాసన చూసి, జాడీల చుట్టూ తిరిగి, ఒకసారి తుమ్మింది. తర్వాత ఆవిరిగది వైపు ముక్కెత్తి, ఒంటిమీది వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని, వచ్చి ఎల్విరా కోటులో దూరింది.

"మీ కుక్క తోక ముడిచింది. ఇక నేను లోయ రక్షణ ముడి విప్పేస్తాను," అంది ఎల్విరా.

"ఇక చాలత్తయ్యా," అన్నాడు ఇన్నొకెంతి. "అవి దోసకాయలు, ఎల్విరా ఆడమొవ్నా గారూ. నమూనాలు పోయాయి. తప్పు నాదే. కొట్టుకు తాళం వెయ్యలేదు."

"ఋజువు లేకపోతే పులి లేదు. పులి లేకపోతే లోయ లేదు. నన్నేం చెయ్యమంటారు?"

అల్లుడు తన పేరెత్తకపోయేసరికి క్లావ్దియా జఖారొవ్నా ముక్కు ఎర్రబడింది.

"తప్పు ఇతనిది కాదమ్మా, నాది. నా కూతురి పుట్టినరోజు మర్చిపోతాడు కానీ, ఆ పులి ఏ రాయి మీద ఎండకు పడుకుంటుందో మర్చిపోడు. అది పోతే ఈ పిల్లాడు ఏమైపోతాడో! రండి, పార తెస్తాను. పారబోసిందంతా ఏరుకుందాం."

ముగ్గురూ ఆవిరిగది మూల తిరిగి, అక్కడే ఆగిపోయారు.

కంచెవారన, పారబోసిన కుప్ప పక్కన, ఒక పులి వాళ్ళకు వీపు చూపిస్తూ నిలబడి ఉంది. తోక నిటారుగా ఎత్తి కంచెను తాపీగా తడిపింది. ఆ తర్వాత తల తిప్పి, అద్దెకున్నవాళ్ళు గోడకు మేకు కొడితే ఇంటావిడ చూసే చూపు చూసింది.

ఎల్విరా ఫోనెత్తి వీడియో తీసింది.

"ఇదేనా?" గుసగుసగా అడిగింది అత్తగారు.

"ఇదే," అన్నాడు ఇన్నొకెంతి.

"ముసలిదన్నావు! నాకన్నా బావుంది."

బారిన్యా తొందరేమీ లేకుండా అడవిలోకి నడిచి వెళ్ళిపోయింది. వీళ్ళు మాత్రం నడవలేదు. ఇంట్లోకి పరుగెత్తి గడియ పెట్టుకుని, ఫోన్లోని బొమ్మను పాత ఫొటోల పక్కన పెట్టి చూశారు. చారకు చార అతికినట్టు సరిపోయింది.

"తన లోయలో ఇన్ని పరాయి పులుల వాసన ఒకేచోట గుప్పుమంటే ఊరుకుంటుందా?" ఇన్నొకెంతి నవ్వాడు. "ఎవరొచ్చారో చూద్దామని వచ్చి, ఇది నా ఇల్లని గుర్తు పెట్టి వెళ్ళింది. చలికాలం నుంచి నేను వెతుకుతుంటే కనబడలేదు. మీరు పారబోసి పిలిచారు, అత్తయ్యా!"

"నన్నడిగితే అప్పుడే పారబోసేదాన్ని కదా," అంది అత్తగారు.

ఎల్విరా రెండు దోసకాయలు తిని స్థిమితపడింది. లోయలో గొడ్డలి పడకూడదని సంతకం పెట్టింది. పులి గుర్తు పెట్టిన చోటిదాకా రక్షిత ప్రాంతమే అన్నది నిబంధన కనుక, పటం మీద హద్దు గీత అక్కడిదాకా లాగింది. ఆవిరిగది గీతకు లోపల పడింది. గీతకు లోపల నిప్పు రాజెయ్యాలంటే స్థానిక పరిశోధకుడి అనుమతి కావాలి.

ఆవిరిస్నానానికి పొయ్యి వెలిగించుకోనివ్వమని క్లావ్దియా జఖారొవ్నా ఆ శనివారమే అల్లుడికి దరఖాస్తు పెట్టుకుంది. అది ఇంకా పరిశీలనలో ఉంది.