డాక్టరు గారి విమానం

ఒక పెద్ద అడవిలో డాక్టరు ఒక్కరే ఉండేవారు. ఆయన తాబేలు. పేరు కూర్మయ్య.

కూర్మయ్య గారి హస్తవాసి మంచిది. చిక్కల్లా ఆ చెయ్యి రోగి దగ్గరికి చేరడంలోనే ఉండేది. జ్వరమని కబురొస్తే ఆయన సంచీ సర్దుకుని వచ్చేసరికి జ్వరం తగ్గి రోగి మేతకి వెళ్ళిపోయేవాడు. మరీ పెద్ద జబ్బయితే ఆయన పరామర్శకి పనికొచ్చేవారు.

కింద అడవివాళ్ళకి ఎలాగో గడిచిపోయేది. బాధంతా కొండ మీది దుప్పుల గూడానిదే. వానలు పడితే వాగు పొంగి దారి మూసుకుపోతుంది. పోయిన ఏడు అక్కడ ఒక దుప్పి పురిట్లో పోయింది. కూర్మయ్య గారు అప్పుడు వాగు ఇవతలి ఒడ్డున, నీళ్ళు ఎప్పుడు తీస్తాయా అని చూస్తూ కూర్చున్నారు. ఆ సంగతి ఎవరెత్తినా ఆయన తల లోపలికి లాక్కునేవారు.

గద్దలు మోసుకెళ్తామన్నాయి. ఆయన ఒప్పుకోలేదు. "గద్ద కాళ్ళ మధ్య వేలాడుతూ వెళ్ళినవాళ్ళెవరూ తిరిగొచ్చి ప్రయాణం ఎలా ఉందో చెప్పలేదు" అన్నారు.

దాంతో అడవి సంఘం సమావేశమై ఒక విమానం కొందామని తీర్మానించింది. కొత్తది కొనే తాహతు లేదు కనుక పాతది. ఇంజను ఒక్కటే అయినా బాగా జోరున్నది, కొండ మీది చిన్న మైదానంలో దిగగలిగేది కావాలి.

సంఘం ప్రెసిడెంటు ఎలుగుబంటి కోదండం. విమానం ఎంచడానికీ, నడపడానికీ కొంగ సారసమ్మను పెట్టారు. సారసమ్మ ఒకప్పుడు సముద్రాలు దాటి వలసలు వెళ్ళొచ్చిన పక్షి. ఇప్పుడు రెక్కల కీళ్ళు పట్టేశాయి. గాలి సంగతి ఆమెకు తెలిసినంతగా అడవిలో ఎవరికీ తెలియదు. ఆ మాట ఆమే అందరికీ చెబుతుండేది.

పక్క అడవిలో నక్క జగ్గారావుకి పాత విమానాల వ్యాపారం. కోదండం, సారసమ్మ కలిసి అక్కడికి వెళ్ళారు. జగ్గారావు ముందుగా ఎర్రగా మెరిసిపోతున్న విమానం చూపించాడు.

"ఒకే చేతి మీద నడిచిన బండి సార్. ఓనరు కుందేలు గారు చాలా భయస్తులు. శుక్రవారం దండ వేసి, దణ్ణం పెట్టి, మళ్ళీ షెడ్డులో పెట్టేసేవారు."

కోదండం అప్పటికే దాని పక్కన నిలబడి ఫోటోకి ఎలా ఉంటానా అని చూసుకుంటున్నాడు. సారసమ్మ రెక్క కిందికి వంగి ముక్కుతో ఒక పోటు పొడిచింది. రంగు పెచ్చు ఊడింది. వెనకాలే తుప్పు పొడిపొడిగా రాలింది.

"ఇది దణ్ణం పెట్టుకోవడానికే" అంది.

జగ్గారావు ఏమాత్రం తడబడలేదు. "అమ్మగారు కనిపెడతారా లేదా అని చూశాను లెండి" అన్నాడు.

షెడ్డు మూలన వెలిసిపోయిన బూడిదరంగు విమానం ఇంకొకటి ఉంది. ఇంజను మూత తీస్తే లోపల ఒక ఎలుకల కుటుంబం కాపురముంటోంది. వాళ్ళు మర్యాదగా ఖాళీ చేసి పక్క విమానంలోకి మారారు. సారసమ్మ ఇంజను నూనె తీసి, అందులో ఇనుపరజను ఉందేమో వేలికి రాసుకుని చూసింది. తీగలు లాగి చూసింది. చివరికి గాల్లోకి తీసుకెళ్ళి రెండు చుట్లు కొట్టి దిగింది. దిగేటప్పటికి ఆమె ముఖం వెలిగిపోతోంది.

"కొంటే ఇదే కొనాలి ప్రెసిడెంటు గారూ. రేకు గట్టిది. నలుగుర్ని ఎక్కించుకుని కొండ దాటేస్తుంది."

"దీన్ని చూస్తే మనల్ని ఎవరు గౌరవిస్తారమ్మా?" అన్నాడు కోదండం.

"గౌరవానికైతే ఎర్రది కొనండి. ఎగరడానికైతే ఇది."

కోదండం ఎర్రదాని వంక మరోసారి చూశాడు. "సరే, ఇదే తీసుకుందాం. తీసుకున్నాక మన హోదాకి తగ్గట్టు బాగు చేయించుకుందాం" అన్నాడు.

బాగు చేయించడానికి ఒక కమిటీ వేశారు. దాని చైర్మన్ అడవిపంది వరహాలు. ఆయన ముందుగా సీట్లు నొక్కి చూసి, గట్టిగా ఉన్నాయని సోఫాలు పెట్టించాడు. ప్రయాణంలో ఆకలేస్తే ఎలా అని ఫ్రిజ్ పెట్టించాడు. కోదండం ఏసీ అడిగాడు. సంఘం గుర్తు ఇత్తడిలో పోత పోయించి తలుపుకి కొట్టించాడు. పైన వెళ్తూ కింద ప్రజలతో మాట్లాడటానికి మైకూ, పెద్ద లౌడ్‌స్పీకర్లూ వేయించాడు. రంగుల పని ఊసరవెల్లికి అప్పగించారు. ఆయనకి ఏ రంగూ నాలుగు రోజులు నచ్చదు. పాతదాని మీదే కొత్తది పూయిస్తూ పోయాడు.

సారసమ్మ అడ్డు చెప్పాల్సింది. కానీ ఆమెకూ ఒక కోరిక ఉంది. ముందు వరసలో గుండ్రటి మీటర్లు తీసేసి పెద్ద రంగుల తెర పెట్టుకోవాలని, విమానాన్ని తనంతట తానే నడిపే యంత్రం ఒకటి బిగించుకోవాలని. అడగ్గానే కోదండం ఒప్పేసుకున్నాడు. నా తెర నాకు వచ్చాక వాళ్ళ ఫ్రిజ్ వద్దని ఏ మొహంతో అంటానని ఆమె ఊరుకుంది.

ఒకరోజు కూర్మయ్య గారు వచ్చి చూశారు. "నా మందుల పెట్టె ఎక్కడ పెట్టుకోవాలి బాబూ?" అని అడిగారు.

"అది చర్చకి రాలేదండీ. ఫ్రిజ్ మీద ఏమన్నా చోటుంటే చూద్దాం" అన్నాడు వరహాలు.

వానలు మొదలయ్యాయి. వాగు పొంగింది. ఒక పొద్దున పావురం తడిసి ముద్దై కబురు తెచ్చింది. కొండ మీద గౌరమ్మకి నొప్పులు వస్తున్నాయి, బిడ్డ అడ్డం తిరిగింది. పోయిన ఏడు పోయిన దుప్పికి గౌరమ్మ సొంత చెల్లెలు.

అందరూ విమానం ఉంచిన మైదానానికి పరిగెత్తారు. సారసమ్మ పెట్రోలు పోయించి, బరువు లెక్క చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"నేను కాక ఇంకొక్కర్నే మోస్తుంది" అంది మెల్లగా.

"ఒక్కరు చాలుగా" అని మెడలో దండతో కోదండం ఎక్కి కూర్చున్నాడు.

"డాక్టరు గారు వెళ్ళాలి కదండీ."

"ప్రారంభోత్సవం కాకుండా ఎలాగమ్మా? ఒక్క చుట్టు కొట్టి వచ్చేద్దాం. డాక్టరు గారు రెండో ట్రిప్పులో వెళ్తారు. ఆయనకి తొందర అలవాటు లేదు కదా."

"అలవాటు లేదు. ఇవాళ ఉంది" అన్నారు కూర్మయ్య గారు. లౌడ్‌స్పీకర్లు గరగరమంటున్నాయి, ఎవరికీ వినపడలేదు.

కమిటీ చైర్మన్ లేకుండా ప్రారంభోత్సవమేమిటని వరహాలు కూడా ఎక్కాడు.

"ఎగరదండీ" అంది సారసమ్మ.

"ఎగరకపోతే మీకంత పెద్ద తెర ఎందుకు ఇప్పించినట్టు?" అన్నాడు కోదండం.

సారసమ్మ తన తెర వంక ఒకసారి చూసుకుంది. ఇంజను స్టార్టు చేసింది. విమానం పరిగెత్తింది. సగం మైదానం దాటింది. చక్రాలు నేలని వదలలేదు. కోదండం కళ్ళు గట్టిగా మూసుకుని మైకులో మాట్లాడుతున్నాడు. "సోదర సోదరీమణులారా, నేనిప్పుడు మేఘాల మధ్య నుంచి మాట్లాడుతున్నాను."

చెట్లు మీదికి వచ్చేస్తుంటే సారసమ్మ ఇంజను ఆపి బ్రేకు తొక్కింది. విమానం మైదానం చివర బురదలో దిగబడి ఆగింది. ప్రొపెల్లరుకి దెబ్బ తగల్లేదు. ప్రజలు మాత్రం మేఘాల మధ్య నుంచి వస్తున్న ప్రసంగాన్ని ఎదురుగా నిలబడి విన్నారు.

అడవిదున్నలు వచ్చి తాళ్ళు కట్టి లాగాయి. కదల్లేదు. సారసమ్మ బురదలోకి దిగింది, విమానం చుట్టూ ఒకసారి నడిచింది, మళ్ళీ లోపలికెక్కింది.

"ముందు నాది" అని ముక్కుతో మరలు విప్పి తెరని బయటపెట్టింది. తనంతట తాను నడిపే యంత్రాన్నీ పీకేసింది. పాత మీటర్లు తెచ్చి బిగించింది. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. సోఫాలు, ఫ్రిజ్, ఏసీ, లౌడ్‌స్పీకర్లు, ఇత్తడి గుర్తు ఒక్కొక్కటే బురదలోకి వచ్చి పడ్డాయి. మైకు వెనకాలే కోదండం కూడా కిందికి దిగాడు. వరహాలు ఫ్రిజ్ పక్కనే నిలబడి దాన్ని తుడుస్తూ ఉండిపోయాడు. ఊసరవెల్లి రంగులు ఒక్కటే పీకడానికి కుదరలేదు.

దున్నలు మళ్ళీ లాగాయి. విమానం బయటికొచ్చింది. కూర్మయ్య గారు గోనెసంచి మీద కూర్చుని మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నారు. ఈసారి సగం మైదానం కూడా అక్కర్లేకపోయింది.

గౌరమ్మ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా డాక్టరు గారున్నారు. "వచ్చేశారా" అంది, నమ్మకం లేనట్టు.

"వచ్చానమ్మా. ఇక భయం లేదు" అన్నారాయన. చుట్టూ అందరూ కంగారు పడుతున్నా ఆ చేతులకి కంగారు లేదు. నొప్పికీ నొప్పికీ మధ్య, ఓపికగా, బిడ్డని కొంచెం కొంచెంగా తిప్పారు. ఆ పనికి అడవిలో ఆయనంత నెమ్మదైనవాళ్ళే కావాలి. సాయంత్రానికి బిడ్డ వణుకుతూ నాలుగు కాళ్ళ మీద నిలబడింది. కూర్మయ్య గారు బయటికొచ్చి, రాయి మీద కూర్చుని, చాలాసేపు తల బయటే ఉంచి వాన చూశారు.

మరుసటి వారం సంఘం సభ జరిగింది. అనవసర సామాను తొలగింపు అనే రెండో విడత అభివృద్ధి పథకం ఘనంగా పూర్తయిందని కోదండం ప్రకటించాడు. వరహాలుకి శాలువా కప్పారు. ఫ్రిజ్, సోఫాలు భద్రత దృష్ట్యా సంఘం ఆఫీసుకి చేర్చారు.

సారసమ్మని మాట్లాడమన్నారు. "నక్క షెడ్డులో ఎలా ఉందో విమానం ఇప్పుడు అలాగే ఉంది" అని కూర్చుంది. అది మెచ్చుకోలనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

నీతి: బాగున్నదాన్ని బాగున్నట్టే ఉంచితే ఎవరూ శాలువా కప్పరు, ముందు పాడు చేయాలి.